ఫ్రిస్కోలో మంచు, పద్మనాభంలో కుంపటి

అమెరికాలో మంచు తుఫాను అని టీవీలో కింద అక్షరాలు పరిగెత్తడం మొదలవగానే మన తెలుగిళ్ళల్లో ఫోన్లు వేడెక్కిపోతాయి. ప్రతి వీధి నుంచీ ఒకరో ఇద్దరో అక్కడున్నారు కదా మరి. పిల్లలు ఫోన్ ఎత్తీ ఎత్తగానే మొదలుపెడతాం. శొంఠి కాఫీ తాగండి, చెవుల్లో దూది పెట్టుకోండి, రాత్రి పెరుగు మానేయండి, పాదాలకి వేడి నూనె రాసుకోండి. అన్నీ ప్రేమ కొద్దీ చెప్పేవే. విన్నా వినకపోయినా నష్టం లేనివే చాలావరకు.

కానీ ఆ జాబితాలో ఒకటుంది, ప్రాణం తీసేది. చలికి ఇంట్లో కుంపటి పెట్టుకోమని చెప్పడం. ఆ సలహా ఇక మనం ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అమెరికాలో ఉన్నవాళ్ళకే కాదు, పక్క వీధిలో ఉన్నవాళ్ళకి కూడా. పెద్దవాళ్ళకి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

మా చెల్లి టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. 2021 జనవరి ఆఖర్లో దానికి పాప పుట్టింది. మామూలు రోజులైతే అమ్మ ముందే వీసా తెచ్చుకుని, కాయం, శొంఠి పొడి, మెత్తబడిన పాత నూలు చీరలు పెట్టె నిండా సర్దుకుని వెళ్ళి ఉండేది. అవి కోవిడ్ రోజులు. వీసాల పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అంచేత ఆ పురుడంతా వాట్సాప్‌లోనే జరిగింది. పాపకి నలుగు ఎలా పెట్టాలో అమ్మ ఇక్కడ ఒక దిండుకి పెట్టి చూపిస్తే, అక్కడ మా మరిది ఫోన్ పట్టుకుని నిలబడితే, చెల్లి చూస్తూ చేసేది. నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఫిబ్రవరి 14 ఆదివారం. డాలస్ చుట్టుపక్కల మంచు పడింది. చెల్లి ఫోటోలు పెట్టింది. ఇంటి ముందు కారు మీద, కంచె మీద, పెరట్లో బొగ్గుల బార్బెక్యూ పొయ్యి మీద తెల్లగా మెత్తగా మంచు. అందరం చూసి మురిసిపోయాం. ఇక్కడ మా ఊళ్ళో అప్పుడు పంచాయతీ ఎన్నికల హడావుడి, స్టీల్ ప్లాంటు అమ్మేస్తారన్న గొడవ. ఎవరి గోల వాళ్ళది. మర్నాడు మాకు మధ్యాహ్నం భోజనాల వేళ, అంటే వాళ్ళకి అర్ధరాత్రి దాటి ఒంటిగంట ఇరవై నిమిషాలకి, టెక్సాస్ కరెంటు గ్రిడ్‌ని నడిపేవాళ్ళు కోతలు మొదలుపెట్టారు. కోతలంటే మనకి తెలిసినట్టే, గంట ఒక పేటకి, గంట ఇంకో పేటకి అని ముందు చెప్పారు. అలా తిరగలేదు. పోయినవాళ్ళకి పోయింది, ఉన్నవాళ్ళకి ఉంది. 45 లక్షల ఇళ్ళకి, దుకాణాలకి పైగా చీకటి. చెల్లి వాళ్ళ ఇల్లు పోయినవాళ్ళ లెక్కలోకి వచ్చింది.

కరెంటు పోతే ఏముంది, హుద్‌హుద్ అప్పుడు మాకు రెండు వారాలు పైన లేదు కదా అని మేమూ మొదట అనుకున్నాం. అసలు సంగతి తర్వాత అర్థమైంది. అక్కడ ఇల్లు వేడిగా ఉండడానికి గ్యాసు ఉన్నా, ఆ వేడిని గదుల్లోకి తోసే ఫ్యాను కరెంటుదే. వంట పొయ్యి కూడా కరెంటుదే. నీళ్ళ గొట్టాలు కొన్ని అటక మీదుగా, బయటి గోడల్లోంచి వెళ్తాయి. టెక్సాస్ ఎండల రాష్ట్రం కదా, అక్కడి ఇళ్ళు వేసవికి కట్టినవి. గొట్టంలో నీళ్ళు గడ్డకడితే ఉబ్బి గొట్టం పగులుతుంది. అంటే ఒక్క తీగ తెగితే వేడి, వంట, నీళ్ళు మూడూ ఒకేసారి పోతాయన్నమాట. మా పద్మనాభంలో తుఫాను వచ్చినా నుయ్యి నుయ్యి లాగే ఉంటుంది, కట్టెల పొయ్యి ఊదుకుంటే మండుతుంది.

మంగళవారం పొద్దున్న మాకు ఏడు గంటలు. శ్రీపంచమి. అమ్మ పూజకి అన్నీ సర్దుతోంది. వాళ్ళకి సోమవారం రాత్రి ఏడున్నర. ఇంట్లో 10 డిగ్రీలు, బయట సున్నాకి చాలా కింద. రాత్రికి ఇంకా దిగుతుందని చెప్తున్నారు. మూడు వారాల పాప. బాలింత. చుట్టాలందరం ఒకే కాల్‌లో చేరాం. అందరి మొహాలూ ఆ చిన్న చిన్న గళ్ళల్లో.

పాండ్రంగి పెద్దమ్మ అందుకుంది. "ఏటర్రా అలా సూస్తన్నారు? కుంపటెట్టండి. బాలింతకి సలి తగిలితే జన్మంతా నడుం నొప్పి వదల్దు. గుంటకి ఒల్లు సల్లబడిపోతాది."

మా మరిది పాపం రెండు రాత్రులుగా నిద్రలేక ఉన్నాడు. ఆయనకి అది దేవుడు పలికినట్టే వినపడింది. పెరట్లో బార్బెక్యూ పొయ్యి ఉంది, గ్యారేజీలో బొగ్గుల సంచి ఉంది. రాజేసి, పొగ పోయాక పడకగదిలోకి తెచ్చేస్తానన్నాడు. మా అత్తలూ పిన్నులూ అందరూ ఊ కొట్టారు. నిజం చెప్పాలంటే, మన లెక్క ప్రకారం ఆ మాటలో తప్పేమీ లేదు.

ఎందుకంటే కుంపటి మనకి కొత్త కాదు. 2003 డిసెంబరులో నా పురుడు ఇదే పెద్దమ్మ చేసింది. అప్పుడు మాది పెంకుటిల్లు. నన్ను నులకమంచం మీద పడుకోబెట్టి, కింద మట్టి కుంపటిలో బొగ్గులు వేసి, మీద సాంబ్రాణి, వాము చల్లి, చుట్టూ దుప్పటి దించేది. ఆ వెచ్చదనం ఇప్పటికీ నడుముకి గుర్తుంది. పెద్దమ్మ అలా మా చుట్టాల్లో ముప్పై పురుళ్ళైనా చేసి ఉంటుంది. ఒక్క తల్లికి, ఒక్క పిల్లకి ఏమీ కాలేదు. ఆవిడ దగ్గరున్న అనుభవం అదీ. దాన్ని ఎవరు కాదంటారు?

కాదన్నది మా అబ్బాయి. ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. పళ్ళు తోముకుంటూ అటు వెళ్తున్నవాడు ఆగి, నోట్లో నురగతోనే చేతులూపాడు. వెళ్ళి పుక్కిలించి వచ్చి, "అమ్మా, వద్దని చెప్పు. బొగ్గు గదిలోకి తేవద్దని చెప్పు. చచ్చిపోతారు" అన్నాడు. పండగ పూట ఆ మాటేమిటని అమ్మ కసిరింది. పదిహేడేళ్ళ కుర్రాడి మాట ముప్పై పురుళ్ళ పెద్దమ్మ మాట ముందు ఏం నిలుస్తుంది? నేను ఫోన్ చేతిలోకి తీసుకుని, "వాడు చెప్పేది వినండి. అంతవరకు బొగ్గు ముట్టుకోకు బాబూ" అన్నాను మరిదితో.

వాడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. పొగ పోయింది కదా అనుకుంటాం గానీ, నిప్పు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడే అది ఎక్కువ. మన రక్తంలో ప్రాణవాయువుని మోసే హిమోగ్లోబిన్ ఉంటుంది చూడండి, అది ప్రాణవాయువు కంటే దీన్ని 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే తొందరగా వదలదు. మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు, ఒంటికి మాత్రం గాలి అందదు. ముందు తలనొప్పి, కాస్త వాంతి వచ్చినట్టు, ఆ తర్వాత మత్తు. బాలింతకి మత్తుగా ఉంటే మనం ఏమనుకుంటాం? అలిసిపోయింది, నిద్రపోనీ అనుకుంటాం. పసిపిల్లలకైతే పెద్దవాళ్ళకంటే ముందే ఎక్కుతుంది.

మరి నాకెందుకు ఎక్కలేదు అని అడిగాను. "మీ పెంకుటింట్లో గోడకీ కప్పుకీ మధ్య జానెడు సందు ఉండేది కదమ్మా. పిన్ని వాళ్ళింట్లో చీమ దూరే సందు కూడా ఉండదు" అన్నాడు.

ఆ ఒక్క మాట నా బుర్రలో తిష్ఠ వేసుకుంది. నన్ను కాపాడింది పెద్దమ్మ కుంపటి పెట్టే నేర్పు అనుకున్నాను ఇన్నాళ్ళూ. సగం కాపాడింది ఆ చూరు. వర్షాకాలంలో జల్లు కొడుతోందని, చలికాలంలో ఈదర వస్తోందని మేం తిట్టుకున్న చూరే. తలుపు కూడా వంకరపోయి ఎప్పుడూ సరిగ్గా పడేది కాదు. పెద్దమ్మ వైద్యంలో ఆ చూరూ, ఆ వంకర తలుపూ కూడా మందులేనని ఆవిడకీ తెలీదు, మాకూ తెలీదు. ఆవిడ చెప్పేటప్పుడు కుంపటి ఒక్కటే చెప్పింది. మిగిలిన రెండూ ఊళ్ళోనే ఉండిపోయాయి.

మా విశాఖ వాళ్ళకి ఈ మాట కొత్తగా ఉండకూడదు నిజానికి. స్టీల్ ప్లాంటులో పనిచేసేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే అడగండి. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే గ్యాసులో ఉండేది ఇదే, ఐదో వంతు అదే ఉంటుంది. అక్కడికి వెళ్ళేవాళ్ళు జేబుకి ఒక చిన్న మీటరు తగిలించుకుని వెళ్తారు, గాలిలో అది పెరిగితే కూస్తుంది. వాసన రాదని తెలుసు కాబట్టే ఆ మీటరు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకైనప్పుడు జనం వాసనకి మేలుకుని పరిగెత్తారు. అయినా 12 మంది పోయారు. వాసనే లేని దానికి ఎవరు మేలుకుంటారు?

మరి బొగ్గు వద్దంటే ఆ రాత్రి ఎలా గడిపారని అడుగుతారు. అక్కడే మన అమ్మల తెలివి పనికొచ్చింది, అది కూడా చెప్పాలి. ఇల్లంతా వదిలేసి ఒక చిన్న గదిలోకి వెళ్ళిపొమ్మంది అమ్మ. "ఇంటిని వెచ్చబెట్టలేరు గానీ ఒక మూలని వెచ్చబెట్టుకోగలరు" అంది. తలుపు కింద సందులో తువ్వాళ్ళు కుక్కారు. పరుపు నేల మీదకి దించి, పైన భోజనాల బల్ల జరిపి, దాని మీద నుంచి నాలుగు వైపులా దుప్పట్లు దింపారు, గుడారంలా. బల్ల కింద తల్లీ పిల్లా. పాపకి టోపీ, మేజోళ్ళు తొడిగి, ఒంటి మీద బట్ట తీసి చెల్లి గుండెకి ఆనించి, పైన చీర చుట్టి, దాని మీద స్వెట్టరు, దాని మీద రజాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఆసుపత్రుల్లో కంగారూ కేర్ అని చేయిస్తారే, అదే. మా మామ్మ కాలంలో దానికి పేరు లేదు, పాపని రొమ్ముకి హత్తుకోవే అనేవారంతే. మా మరిదిని కూడా బల్ల కిందకి దూరమంటే సిగ్గుపడ్డాడట, ఎదురుగా అత్తగారూ వదినా ఫోన్లో చూస్తున్నారని. ఫోన్ కట్టేసి దూరవయ్యా బాబూ అన్నాను.

తిండికి అటుకులు. చల్లనీళ్ళల్లో తడిపి, పెరుగు కలిపి, ఆవకాయతో. బాలింతకి ఆవకాయా, పెరుగూనా అని ఎవరో అనబోతే అమ్మే ఊరుకోమంది. పథ్యాలు ఆ మూడు రోజులు సెలవు పెట్టాయి. కుళాయిలు సన్నగా కారేలా వదిలారు, పారే నీరు తొందరగా గడ్డకట్టదని. స్నానాల తొట్టె ముందే నింపి పెట్టుకున్నారు. అది అయిపోయాక బయటి మంచు బకెట్లకెత్తి కరిగించి బాత్రూంలో పోశారు. ఫోన్ ఛార్జింగుకి కారు. ఆ కారు గ్యారేజీలో ఉండగా స్టార్టు చెయ్యొద్దని, పూర్తిగా బయటికి తెచ్చాకే చెయ్యమని మా వాడు పదిసార్లు చెప్పించాడు. వాడి భయం ఉత్తిది కాదని తర్వాత తెలిసింది. అదే వారం హ్యూస్టన్‌లో ఒక ఇంట్లో వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు ఆన్ చేసి ఉంచితే, ఆ గాలి ఇంట్లోకి పాకి తల్లీ, ఏడేళ్ళ కూతురూ చనిపోయారు.

మంగళవారం తెల్లవారుజామున డాలస్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీలు. 1949 తర్వాత అంత చలి అక్కడ లేదు. ఆ పొద్దున్న చెల్లి వాళ్ళింట్లో 7 డిగ్రీలు. బల్ల కింద మాత్రం చెయ్యి పెడితే వెచ్చగా ఉందని చెప్పింది. పాప రెండుసార్లు లేచి పాలు తాగి పడుకుందట. మనకే నిద్ర లేదు.

ఆ తుఫానులో టెక్సాస్‌లో 246 మంది చనిపోయారని ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. ఎక్కువమంది చలికే. కార్బన్ మోనాక్సైడ్‌తో పోయినవాళ్ళు 19 మంది. ఇదే విషవాయువు ఎక్కి ఆసుపత్రులకి వెళ్ళినవాళ్ళు 1,400 మందికి పైగా. వాళ్ళేమీ తెలివితక్కువ వాళ్ళు కాదు. చల్లబడిపోతున్న పిల్లల్ని చూడలేక బార్బెక్యూ పొయ్యి లోపలికి తెచ్చుకున్నవాళ్ళు, జనరేటరు గుమ్మం దగ్గర పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళలో మనలాగే చల్లటి దేశాలకి కొత్తగా వెళ్ళిన వలస కుటుంబాలు కూడా ఉన్నాయి.

వాళ్ళని ఆ స్థితికి తెచ్చిన పెద్దల మీద నాకు కోపం ఉంది. 2011 ఫిబ్రవరిలో కూడా టెక్సాస్‌లో ఇలాగే చలికి కరెంటు కేంద్రాలు ఆగిపోయాయి. చలికి తట్టుకునేలా యంత్రాల్ని, గ్యాసు బావుల్ని సిద్ధం చేసుకోండని కేంద్ర సంస్థలు నివేదిక ఇచ్చాయి. పదేళ్ళలో చాలామంది చెయ్యలేదు. పైగా టెక్సాస్ గ్రిడ్ అమెరికాలో మిగతా రెండు పెద్ద గ్రిడ్లతో దాదాపు కలవకుండా విడిగా ఉంటుంది, పక్కింటి నుంచి తీగ లాక్కుందామన్నా వీల్లేనట్టు. ఆ రాత్రి ఇంకో నాలుగున్నర నిమిషాల్లో మొత్తం గ్రిడ్ కూలిపోయేదట. కూలిపోతే వారాల తరబడి చీకటే. ఆ తర్వాత 2021 జూన్‌లో చట్టం చేశారు లెండి, చలికి సిద్ధపడాలని. ఇంట్లో చంటిపిల్లతో బల్ల కింద దాక్కున్న తల్లికి ఇవన్నీ తర్వాత సంగతులు.

హుద్‌హుద్ గుర్తొచ్చింది నాకు. 2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పుడు తుఫానులో మేం, ఎండలో చెల్లి. గంటకి 180 కిలోమీటర్ల గాలి. మా పెరట్లో పనస, రెండు మామిళ్ళు పడిపోయాయి, పద్మనాభస్వామి కొండ ఆకు రాల్చిన చెట్లతో బోడిగుండులా కనపడింది. నాలుగు రోజులు ఫోన్లు పనిచెయ్యలేదు. ఆ నాలుగు రోజులూ చెల్లి అక్కడ ఆఫీసుకి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుని విశాఖ ఫోటోలు చూస్తూ ఏడ్చిందట. ఐదో రోజు ఫోన్ కలిస్తే అది అడిగిన మొదటి మాట, "అప్పా, మీకు నీళ్ళున్నాయా?" అని. సలహా ఏమీ చెప్పలేదు. ఉందా, లేదా, ఎంత ఉంది, ఎన్నాళ్ళకి వస్తుంది, ఇవే అడిగింది. అడిగి, విజయనగరంలో తన స్నేహితురాలి అన్నయ్యకి ఫోన్ చేసి కొవ్వొత్తులు, పాలపొడి పంపించింది. దూరాన ఉన్నవాళ్ళు చెయ్యాల్సింది అది అని నాకు అప్పుడే అనిపించింది. ఇంకో మాట, తుఫానులో ఉన్నవాళ్ళకి ఇంటికొకరు చొప్పున ఫోన్ చెయ్యకండి. ఫోన్‌లో మిగిలిన పది శాతం ఛార్జింగు మన ఏడుపుకి ఖర్చవుతుంది. ఒకరు చేసి మిగతావాళ్ళకి చెప్పండి.

ఇక్కడిదాకా చదివి, ఇది అమెరికా ఇళ్ళ సంగతి కదా, మాకెందుకు అనుకుంటున్నారేమో. నేను ఇంతసేపూ రాస్తున్నది అసలు దీని కోసమే. మన ఇళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నాయో ఒకసారి చూడండి. మా పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది. చూరు లేదు. విశాఖలో మధురవాడ వైపు కొత్త అపార్టుమెంట్లు చూస్తే, కిటికీలు గాలి చొరబడని జారుడు అద్దాలు, తలుపు కింద రబ్బరు పట్టీ, ఏసీ చల్లదనం పోకూడదని. ఆ గది టెక్సాస్ గదికి అక్క లాంటిది. బయట చలి మైనస్ 19 లేకపోయినా బొగ్గుకి ఆ తేడా తెలీదు.

మా దూరపు చుట్టాల్లో ఒకమ్మాయి పురుడు అలాంటి అపార్టుమెంటులోనే జరిగింది, మూడేళ్ళ కిందట, పుష్యమాసంలో. పడకగది తలుపులేసి, బకెట్ లాంటి ఇనప కుంపటిలో సాంబ్రాణి. పది నిమిషాలకి తల పగిలిపోతోందని ఆ పిల్ల అంటే, "తలస్నానం చేశావు కదా, అందుకే" అన్నారు. ఇంకాసేపటికి లేవబోయి పడిపోయింది. అదృష్టం, పనమ్మాయి గదిలోకి వచ్చి తలుపు తీసే ఉంచి వెళ్ళింది. ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టించారు. తల్లీ బిడ్డా బాగున్నారు. దిష్టి తగిలిందని ఇప్పటికీ చెప్పుకుంటారు వాళ్ళింట్లో. ఈ కథ ఇలా దిష్టి ఖాతాలోకి వెళ్ళిపోతే, పక్క పురుడుకి మళ్ళీ అదే కుంపటి వస్తుంది. అందుకే బాధ.

లంబసింగి, అరకు వెళ్ళేవాళ్ళకీ ఇదే మాట. డిసెంబరు, జనవరిలో అక్కడ చలి సున్నా దగ్గరికి దిగుతుంది, విశాఖ నుంచి కుటుంబాలతో కార్లు కట్టుకుని వెళ్తారు. చలిమంట కాచుకోవడం సరదానే, ఆరుబయట ఎంతసేపైనా కాచుకోండి. మంట ఆరాక మిగిలిన నిప్పుల్ని ఏ రేకు డబ్బాలోనో వేసుకుని గుడారంలోకి, గదిలోకి తెచ్చుకోకండి. ఉత్తరాదిన ప్రతి చలికాలం అంగీఠీ పెట్టుకుని పడుకుని కుటుంబాలకి కుటుంబాలే లేవకపోవడం పేపర్లో చదువుతూనే ఉన్నాం. బాత్రూంలో గ్యాస్ గీజరు ఉన్నవాళ్ళు కూడా కిటికీ తెరిచి ఉంచాలి, అదీ ఈ జాతిదే.

ఇవన్నీ చెప్తే మా వాళ్ళల్లో కొందరు, "నాలుగు ముక్కలు చదువుకుని పెద్దల పద్ధతులన్నీ తీసిపారేస్తారు" అంటారు. నేను చదివింది తెలుగు బి.ఏ. అండీ, నాకు ఆ పద్ధతుల మీద, ఆ మాటల మీద ప్రేమ లేకపోతే ఇంకెవరికి ఉంటుంది? మన భాషలో కుంపటికి ఎంత చోటుందో చూడండి. పెళ్ళికెదిగిన ఆడపిల్లని గుండెల మీద కుంపటి అన్నారు. (ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది, అది వేరే రోజు రాస్తాను.) నేను తీసిపారేస్తున్నది పెద్దమ్మ అనుభవాన్ని కాదు. బాలింతకి వెచ్చదనం కావాలన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. పసిపిల్లలు తమ ఒంటి వేడిని తాము నిలబెట్టుకోలేరు, అది డాక్టర్లూ చెప్తారు. ఆ వెచ్చదనం వేడినీళ్ళ సంచితో రావచ్చు, రగ్గుతో రావచ్చు, తల్లి ఒంటితో రావచ్చు. మనం కూతుళ్ళకి "కుంపటి పెట్టు" అని చెప్తున్నాం గానీ, ఎందుకు పెడతామో, పెట్టినప్పుడు గాలి ఎటు పోవాలో చెప్పడం లేదు. వాళ్ళు మన దగ్గర నుంచి ఏడు సముద్రాలు దాటి వెళ్ళాక, ఆ చెప్పని సగమే వాళ్ళకి కావలసి వస్తోంది.

చెల్లి వాళ్ళింటి కప్పుకి కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటుంది, బ్యాటరీతో నడిచేది. అప్పట్లో టెక్సాస్‌లో అన్ని ఇళ్ళల్లో అది ఉండి తీరాలన్న నియమం లేదట, వీళ్ళకి ఇల్లు కట్టినవాళ్ళు పెట్టి ఇచ్చారు. ఇక్కడ కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పిల్లలు విదేశాలకి వెళ్ళేటప్పుడు పచ్చళ్ళకి, పొడులకి పెట్టే బరువులో అదెంత, ఒక సబ్బుపెట్టె అంత ఉంటుంది. అక్కడ అద్దె ఇంట్లో ఉందో లేదో అడిగి తెలుసుకోండి, బ్యాటరీ మార్చారా అని కూడా అడగండి. శొంఠి కాఫీ సంగతి ఆ తర్వాత అడగొచ్చు.

వచ్చే నెలలో మా ఆడపడుచు కూతురికి పురుడు, మా ఇంట్లోనే. పెద్దమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి, అయినా నేనే వచ్చి చేస్తానంది. కుంపటి గదిలోకి రాదని ఫోన్లో ముందే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వసారాలో కూకోబెట్టి తల ఆరబెడదాం. గాలి తగలకుండా ఒక పక్క చాప కట్టించు" అంది. రెండు పక్కలా కట్టమంటుందేమోనని చూశాను. ఒక పక్కే అంది. చాప తెచ్చాను, దోమలకి వల కూడా తేవాలి.